బాబాయ్ షాపులో బైండింగ్ బాగుంటుంది, వాక్యాలు మాత్రం మీరే తెచ్చుకోండి

ప్రతి ఏడూ మార్చి వచ్చేసరికి ఎవరో ఒకరు అడుగుతారు, విజయనగరంలో ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ ఎక్కడ బాగా చేస్తారు మేడం అని. పదకొండేళ్లుగా ఇక్కడికి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. ఇంగ్లిష్ అంటే పద్యాలూ నాటకాలూ కాదు, టెక్నికల్ కమ్యూనికేషన్. రిపోర్టు ఎలా రాయాలి, ఈమెయిల్‌కి సబ్జెక్టు లైను ఎందుకుండాలి, బొమ్మ పేరు పైన రాయాలా కింద రాయాలా, ఇలాంటివి. (బొమ్మకి కింద, పట్టికకి పైన. పదకొండేళ్లుగా చెబుతున్నాను, పదకొండేళ్లుగా తిరగేసి రాస్తున్నారు.) కాబట్టి ఈ ప్రశ్నకి నాకంటే బాగా జవాబు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో తక్కువే ఉంటారు.

మూడు లాంతర్లకీ గంటస్తంభానికీ మధ్య సందుల్లో ఒకదాంట్లో ఉంది షాపు. పేరు రాయను. రాయకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఆయనే వద్దన్నాడు, "మార్చిలో ఉన్న జనానికే షట్టరు సగం దించుకుని కూకుంటన్నానండి" అని. రెండోది కింద చెబుతాను. మా పిల్లల్లో ఎవరినడిగినా 'బాబాయ్ షాపు' అంటే తీసుకెళ్తారు. నేనూ బాబాయ్‌గారనే పిలుస్తాను. ఆయనకి అరవై దాటి ఉంటాయి.

ముందు రేట్లు చెప్పేస్తాను, చాలామందికి కావలసింది అదే. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు పేజీకి రెండు రూపాయలు, వంద దాటితే రూపాయిన్నర. కలరు పది. స్పైరల్ నలభై. రెక్సిన్ అట్టతో, బంగారు అక్షరాలతో హార్డ్ బైండింగ్ కాపీకి రెండొందల యాభై. బేరం ఆడితే పది తగ్గిస్తాడు కానీ పని ఒకరోజు వెనక్కెళ్తుంది, అది మీ ఇష్టం. ఫోన్‌లో డబ్బులు తీసుకుంటాడు. కూర్చోడానికి కుర్చీ లేదు. ఒకటే ఫ్యాను, అది మెషీన్ వైపు తిరిగి ఉంటుంది, మన వైపు కాదు.

బైండింగ్ మాత్రం నిజంగా గట్టిది. మామూలుగా ఈ షాపుల్లో పేజీలు ఎడమ పక్కన కుట్టు లేకుండా బంక పెట్టి అట్టకి అంటించేస్తారు. రెండుసార్లు తెరిచేసరికి మధ్యలో విడిపోతుంది. ఈయన పక్కనుంచి కన్నాలు వేసి దారంతో కుట్టి, ఆ పైన గుడ్డ అంటించి, అప్పుడు అట్ట పెడతాడు. ఇలా పక్కకుట్టు వేస్తే ఎడమవైపు కనీసం అరంగుళం లోపలికి పోతుంది. అందుకే ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళాలు వదలమని రూల్సులో రాస్తారు. క్లాసులో నేను ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా 'యూనివర్సిటీ రూలు' అని రాసుకుని మర్చిపోతారు. బాబాయ్ మాత్రం ఒక పాత పుస్తకం తీసి, కుట్టులోకి వెళ్లిపోయిన వాక్యాల్ని వేలితో చూపించి, "ఇదిగో, మీ సీనియర్ రాసిన మాటలండి, సగం లోపలే ఉండిపోనాయి" అంటాడు. ఆ తర్వాత ఆ పిల్లలెవరూ మార్జిన్ తప్పు చేయరు.

ఇక నా సొంత అనుభవం. కిందటేడు నా పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేశాను. ఇంజనీరింగ్ పిల్లలు లాబ్ రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు ఎలా రాస్తారన్నదే విషయం. లాబ్ రికార్డు రాసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఎయిమ్, ఆపరేటస్, ప్రొసీజర్, చివర్లో ప్రికాషన్స్. ఆ ప్రికాషన్స్‌లో 'పారలాక్స్ ఎర్రర్ రాకుండా చూసుకోవాలి' అన్న వాక్యం ఉంటుంది చూడండి, స్కేలూ సూదీ లేని డిజిటల్ మీటర్ ప్రయోగంలో కూడా అది తరతరాలుగా నడిచొస్తోంది. కంటిని సూదికి సూటిగా పెట్టకపోతే వచ్చే తప్పు అది. అంకెలు వెలిగే మీటర్‌కి దాంతో ఏం పని? అడిగితే "సీనియర్స్ రికార్డులో ఉంది మేడం" అంటారు. అలాంటి వాక్యాల మీదే రెండొందల పన్నెండు పేజీలు రాశాను. నా గైడు చదివారు, ఇద్దరు కొలీగ్స్ చదివారు, నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయిదు కాపీలకి పెన్‌డ్రైవ్ తీసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ఒక కాపీ ప్రింటు తీశాడు. చేతిలోకి తీసుకుని, డబ్బులు లెక్కపెట్టినట్టు బొటనవేలితో పేజీలు దొర్లించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"మేడంగారూ, ముందర రోమన్ అంకెల్లో ఎనిమిది తరవాత పది ఉందండి. తొమ్మిది ఏదండి?"

నిజమే. తొమ్మిది లేదు. ఇంకో నిమిషంలో, నాలుగో చాప్టర్‌లో 'పట్టిక 4.3' రెండుసార్లు ఉందన్నాడు. ఆరో చాప్టర్‌లో ఒక హెడ్డింగు మిగతావాటికంటే చిన్నగా ఉందన్నాడు. కొలిచి చూస్తే మిగతావి పద్నాలుగు పాయింట్లు, అది పదమూడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ మూడూ నేను పిల్లల దగ్గర మార్కులు కోసే తప్పులే.

"మీరు ఇంగ్లిష్ అంతా చదివేశారా బాబాయ్‌గారూ?" అన్నాను.

"నాకు ఇంగిలీసు ఎక్కడొచ్చునండి, టెన్తు ఫెయిలు. నేను సదవనండి. సూత్తాను అంతే."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మేమందరం చదివాం. చదివేవాడికి అర్థం అందుతూ ఉంటే కన్ను ముందుకి పరిగెడుతుంది, పేజీ నంబరు దాకా పోదు. ఆయనకి అర్థం అడ్డు రాదు కాబట్టి ఆకారం కనిపిస్తుంది. అప్పట్నుంచి మా క్లాసులో ఒక పని చేయిస్తున్నాను. రిపోర్టు ఇచ్చే ముందు పది నిమిషాలు పక్కవాడి రిపోర్టు ఒక్క వాక్యం కూడా చదవకుండా పేజీలు తిప్పాలి. నంబర్లు, హెడ్డింగులు, బొమ్మల పేర్లు, ఖాళీలు మాత్రమే చూడాలి. 'బాబాయ్ చూపు' అని పేరు పెట్టాను. పిల్లలు నవ్వుతారు, కానీ చేస్తారు. అకడమిక్ కౌన్సిల్‌కి పంపే సిలబస్‌లో మాత్రం 'ఫార్మాట్ వెరిఫికేషన్' అనే రాశాను. బాబాయ్ చూపు అంటే ఒప్పుకోరు కదా.

ఆయనకి ఒంటిమీద తేళ్లు పాకించే విషయం ఒకటుంది, విషయసూచికలో చేత్తో కొట్టిన చుక్కలు. చాప్టర్ పేరుకీ పేజీ నంబరుకీ మధ్య కీబోర్డు మీద చుక్క నొక్కిపట్టుకుని వరసగా కొట్టుకుంటూ పోతారు చూడండి, అది. "అలాటి ఫైలు తెచ్చినారంటే ఈ గుంటలు రాత్రి పన్నెండుకి గానీ ఇంటికెల్లరని తెలిసిపోద్దండి" అంటాడు. ఎందుకంటే మధ్యలో ఒక బొమ్మ కలిపినా, ఫాంటు మారినా, పేజీలన్నీ కదిలిపోతాయి. సూచికలో నంబర్లు పాతవే ఉండిపోతాయి, చుక్కలు వంకరవుతాయి. హెడ్డింగులకి వర్డ్‌లో 'ఇది హెడ్డింగు' అని గుర్తుపెట్టే స్టైల్ పెట్టుకుంటే సూచిక దానంతటదే తయారవుతుంది, ఒక్క క్లిక్కుతో నంబర్లు మారతాయి. ఇది నేర్పడానికి నాకు ఒక గంట క్లాసు చాలు. కానీ ఆ గంటలో సగం మంది నిద్రపోతారు, రాత్రి పదకొండున్నరకి బాబాయ్ షాపు ముందు నిలబడి నేర్చుకుంటారు. ఆయన షాపులో టైపింగు చూసే కుర్రాడు ఇరవై రూపాయలు తీసుకుని స్టైల్స్ పెట్టి ఇస్తాడు. నా జీతంతో పోలిస్తే చాలా చవక.

ఫైలు తీసుకెళ్లేవాళ్లకి ఒక సలహా. వర్డ్ ఫైలు ఒక్కటే పట్టుకెళ్లకండి, పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న వర్డ్ పాతది. మీరు వాడిన ఫాంటు అందులో లేకపోతే ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, లైన్లు జరుగుతాయి, పేజీలు పెరుగుతాయి. ఈక్వేషన్లయితే డబ్బాలుగా కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఫైలుతోపాటే వస్తాయి.

ఇప్పుడు గొడవ సంగతి. షాపు పేరు రాయకపోవడానికి రెండో కారణం ఇదే.

లోపల గోడ మీద ఒక చిన్న కాగితం ఉండేది, 'ప్లేజరిజం తగ్గించబడును' అని. ఇంకొకరు రాసింది తనదిగా చూపించుకోవడమే ప్లేజరిజం. పాత ప్రాజెక్టులు కూడా ఒక అలమరా నిండా ఉంటాయి. "రిఫరెన్సుకి" అంటాడు. రెండేళ్ల క్రితం ఒక వైవాలో నా చేతికొచ్చిన రిపోర్టులో మొదటి పేరాలోనే 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అని కనిపించింది. దొంగ చైతన్యం! రెండుసార్లు చదివాక అర్థమైంది, అది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. కింద 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' అంటే బిగ్ డేటా. ఇతరుల రాతలతో ఎంత పోలిక ఉందో చెప్పే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా ప్రతి మాటకీ పర్యాయపదం పెట్టే ప్రోగ్రాములుంటాయి, వాటిలో వేసి తీసిన సరుకు. ఇది మా ఊరి జబ్బు మాత్రమే కాదు. ప్రపంచమంతా జర్నళ్లలో ఇలాంటివి వచ్చాయి, 2021లో కొందరు పరిశోధకులు వీటిని ఏరి 'చిత్రహింసలు పడ్డ పదబంధాలు' అని పేరు కూడా పెట్టారు. ఆ రిపోర్టు రాసిన అబ్బాయిని "దీని అర్థమేంటి నాన్నా" అంటే, వాడు చాలా నిజాయితీగా "చదవలేదు మేడం, నిన్నే వచ్చింది" అన్నాడు.

నేను సాయంత్రం తిన్నగా షాపుకే వెళ్లాను. బాబాయ్ ముందు "నాకేటి తెలుసండి, కుర్రోడు సాఫ్ట్‌వేర్‌లో ఏసేత్తాడు" అన్నాడు. నేను యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2018లో తెచ్చిన రూల్సు చెప్పాను. థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా అయితే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాదిపాటు మళ్లీ సబ్మిట్ చేయనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదీకాక కొటేషన్ గుర్తులు పెట్టి, ఎవరిదో చెప్పి రాసిన మాటలు ఆ లెక్కలోకి రావు, రిఫరెన్సులూ రావు, కృతజ్ఞతల పేజీ కూడా రాదు. అంటే పిల్లలు భయపడేదాంట్లో సగం, ఎవరిది వాళ్లదని రాస్తే పోతుంది. మూడొందలు పెట్టి దొంగ చైతన్యం కొనుక్కోనక్కర్లేదు.

ఆయన అంతా విని, "మరి ఈ ముక్క గుంటలకి మీరు ముందే సెప్పొచ్చు కదండి" అన్నాడు.

కోపం వచ్చింది కానీ జవాబు రాలేదు. అప్పటిదాకా నేను క్లాసులో ప్లేజరిజం అంటే తప్పు, నేరం, కెరీర్ పోతుంది అని బెదిరించానే తప్ప, ఒక పేరా తీసుకుని దాన్ని సొంత మాటల్లో ఎలా రాయాలో, దాని పక్కన బ్రాకెట్లో నంబరు ఎలా పెట్టాలో కూర్చోబెట్టి చేయించలేదు. ఇప్పుడు చేయిస్తున్నాను. గోడ మీద కాగితం ఆయన తీసేశాడు. పని కూడా తీసేశాడో లేదో నాకు తెలియదు, అందుకే కింద ఇచ్చే మార్కుల్లో ఒకటి కోశాను. అలమరా మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఆ ప్రోగ్రాముల అవసరం కూడా తగ్గిపోయింది లెండి, అడిగితే రిపోర్టంతా రాసిపెట్టి పేర్లకి ఖాళీలు వదిలే చాట్‌జీపీటీ వచ్చాక. మొన్న ఒక బ్యాచ్ రిపోర్టు చూసి బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "మేడంగారూ, ఈళ్ల గైడు గారి పేరు 'ఇన్సర్ట్ గైడ్ నేమ్' అటండి. మీ కాలేజీలో కొత్తగా వచ్చినారేటండి?" అని. నవ్వుతున్నాడో లేదో ఫోన్‌లో తెలియలేదు.

ఇన్ని చెప్పాను కానీ నేను ఈ షాపుకి ఎక్కువగా రుణపడింది బైండింగ్ విషయంలో కాదు, పేపరు జామ్ విషయంలో.

పోయిన సెమిస్టర్‌లో సూచనలు రాయడం అన్న పాఠం చెప్పాలి. సిలబస్‌లో ఉన్న ఉదాహరణ ఏదో కాఫీ మెషీన్. మా పిల్లల్లో సగం మంది గజపతినగరం, చీపురుపల్లి, రాజాం వైపు ఊళ్ల వాళ్లు. ఆ మెషీన్ని బొమ్మలోనే చూశారు. షాపులో చూస్తే, బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు జిరాక్స్ మెషీన్‌లో కాగితం ఇరుక్కుంటే తీయడానికి ప్రతిసారీ ఆయన్నే పిలుస్తున్నాడు. మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఉంది, నూట యాభై పేజీలు. సరే, అదే అసైన్‌మెంట్ ఇచ్చేశాను. ముప్పై రెండు మంది, ఎనిమిది గ్రూపులు. ఆ కుర్రాడికి అర్థమయ్యేలా తెలుగులో ఒక్క పేజీ సూచనలు రాయాలి. మార్కులు నేను వేయను, వాడు చదివి కాగితం బయటికి తీయగలిగితే మార్కులు.

మొదటి గ్రూపు రాసింది 'ఈ యంత్రము అధునాతన సాంకేతిక పరిజ్ఞానముతో రూపొందించబడినది' అని మొదలైంది. కుర్రాడు ఆ ఒక్క వాక్యం చదివి తలెత్తి "ఇది మెషీన్ కొన్నోల్లకండి, మనకి కాదు" అన్నాడు. రెండో గ్రూపు పదిహేడు అంచెలు రాసింది. ఎనిమిదో అంచెలో 'ఎడమవైపు ఉన్న రోలరును సవ్యదిశలో తిప్పవలెను'. "ఎడం అంటే మెషీనుకి ఎడమా, నాకు ఎడమా?" అని వాడడిగాడు. సవ్యదిశ అంటే ఏమిటో అసలు అడగలేదు, ఊరుకున్నాడంతే. నాకు అదే ఎక్కువ తగిలింది. తెలియని మాట వస్తే మనుషులు అడగరు, ఊరుకుంటారు. మూడో గ్రూపు దగ్గర నిజంగా ప్రమాదమే జరిగేది. తొమ్మిదో అంచెలో చెయ్యి లోపల పెట్టి కాగితం తీయమన్నారు, పదో అంచెలో ఫ్యూజర్ వేడిగా ఉంటుంది జాగ్రత్త అన్నారు. ఫ్యూజర్ అంటే పొడిని కాగితం మీద కరిగించి అంటించే భాగం, సుమారు రెండొందల డిగ్రీల వేడి ఉంటుంది. కుర్రాడు తొమ్మిది చదివి చెయ్యి పెట్టబోతే బాబాయ్ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాడు. హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందు రాయాలని నేను బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను. ఆ చొక్కా లాగుడు చూశాక ఆ నలుగురు పిల్లలకి నేను మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడు వారాలు పట్టింది. ఆఖరికి గోడకి అంటించింది ఆరు లైన్లు. ముందు తలుపు తియ్యి. వేడి డబ్బా ముట్టుకోకు, చెయ్యి కాల్తుంది. పచ్చ పిడి నీ వైపు తిప్పు. కాగితం రెండు చేతుల్తో మెల్లగా లాగు, చించకు. ముక్క మిగిలిందేమో చూడు. తలుపు టక్కుమనేదాకా మూయి. 'వేడి డబ్బా' కుర్రాడి మాట, ఫ్యూజర్‌కి వాడెప్పుడూ అదే అంటాడు. పదిహేడుని ఆరు చేసింది బాబాయ్. "అంత సదివే తీరికుంటే ఇంకేటండి, అయిదుగురు నిలబడి అరుత్తుంటారు" అని పెన్ను తీసుకుని కొట్టేశాడు. ఆ పదిహేడు అంచెల డ్రాఫ్టుతో కుర్రాడు నాలుగు నిమిషాలు తంటాలు పడి వదిలేశాడు. ఈ కాగితంతో నలభై సెకన్లలో తీశాడు.

స్టాఫ్ రూములో ఒకాయన ఆ కాగితం చూసి, "ఇందులో టెక్నికల్ ఏముందండీ, పాలేరుకి చెప్పినట్టుంది" అన్నారు. నేనేమీ అనలేదు. విద్యార్థులు ఏ తెలుగులో రాయాలన్న తగువు ఈ ఊరికి కొత్త కాదు. ఇక్కడి మహారాజా కాలేజీలో పనిచేసిన గురజాడ 1914లో మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం రాసింది దీని గురించే. పక్కన శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోట్లాడింది దీని గురించే. ఇవాళ ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయానికి గురజాడ పేరే పెట్టారు. మా పిల్లల రిపోర్టుల్లో మాత్రం 'రూపొందించబడినది' ఇంకా పోలేదు. ఇంగ్లిష్‌లో రాసినా అదే, ప్రతి వాక్యమూ 'ఇట్ ఈజ్ అబ్జర్వ్‌డ్ దట్' అనే మొదలవుతుంది. ఎవరు చూశారు? చూసింది నువ్వే కదా నాన్నా.

తెలుగు టైపింగు గురించి ఒక ముక్క. బాబాయ్ ముప్పై ఏళ్లు పెళ్లికార్డులు కొట్టిన మనిషి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అంతే. అందులో కొట్టింది వేరేచోట పెడితే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మనం ఫోన్లలో కొట్టే యూనికోడ్ తెలుగు అందులో పెడితే వత్తులన్నీ చెదిరిపోతాయి. కాబట్టి రిపోర్టులో తెలుగు ఉంటే ఇది కూడా పీడీఎఫ్‌లోనే ఇవ్వండి. అయితే స్పెల్లింగు విషయంలో ఆయన్ని నమ్మొచ్చు. మా అమ్మకి అంకితం పేజీ తెలుగులో చేత్తో రాసిచ్చాను. 'కృతజ్నతలతో' అని రాశానట. "మేడంగారూ, జ కింద ఞ వత్తు కదండి" అని చాలా మర్యాదగా, షాపులో ఉన్న నలుగురు పిల్లలకీ వినపడేలా చెప్పాడు.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి నా అట్ట సంగతి కూడా చెప్పేయాలి. బంగారు అక్షరాలు ఆయన పాత పద్ధతిలో వేస్తాడు. ఇత్తడి అచ్చులు ఒక్కొక్కటీ తిరగేసి పేర్చి, వేడిచేసి, బంగారు రేకు మీదనుంచి రెక్సిన్ మీద నొక్కుతాడు. అచ్చులు లెక్కకే ఉంటాయి. నా టైటిల్ 'టెక్నికల్ కమ్యూనికేషన్ ఇన్ ఇంజనీరింగ్' అని మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరం 'ఐ' మొదటి మాటలో ఒకటి, రెండో మాటలో రెండు, తర్వాత ఒకటి, ఆఖరి మాటలో రెండు. మొత్తం ఆరు. ఆయన దగ్గర ఉన్నవి అయిదు. ఆరోదానికి ఒకటి అంకె పెట్టేశాడు. గురువారం ఇస్తానన్నది శనివారం రాత్రి ఇచ్చాడు, సోమవారం సబ్మిషన్. ఇంటికొచ్చి లైటు కింద చూస్తే, ఇంజనీరింగ్ మధ్యలో ఒకటి అంకె మెరుస్తూ కనిపించింది. టెక్నికల్ రైటింగ్ మీద థీసిస్, అట్ట మీదే అచ్చుతప్పు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ వైవాలో కూడా పడలేదు.

ఆదివారం షాపుండదు. అయినా ఫోన్ చేస్తే తీశాడు. ఇంకో షాపులో అచ్చు అప్పు తెచ్చి నాలుగు కాపీలకి కొత్త అట్టలు వేసి, ఒక్క రూపాయి తీసుకోలేదు. అయిదోదానికి రెక్సిన్ సరిపోలేదు. అది నా దగ్గరే ఉంది, అంకెతో సహా. సెమిస్టర్ మొదటి క్లాసుకి దాన్నే పట్టుకెళ్లి, తప్పెక్కడుందో పట్టుకోమంటాను. ఇప్పటిదాకా మొదటి నిమిషంలో పట్టుకున్నది ఇద్దరే.

అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. బైండింగుకి పూర్తి మార్కులు. చెప్పిన రోజుకి ఇవ్వకపోవడం, ఆ ప్లేజరిజం అనుమానం, ఆ అలమరా, కుర్చీ లేకపోవడం కలిపి ఒకటిన్నర పోయింది. హార్డ్ బైండింగ్ కావాలంటే చెప్పిన తేదీకి రెండు రోజులు కలిపి లెక్కేసుకోండి. అట్ట మీద వేసే పేరుని పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చి, అచ్చులు పేర్చాక రేకు పెట్టకముందే అద్దంలో చూసి సరిచూసుకోండి, తిరగేసి ఉంటాయి కదా. షాపు ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, మార్చి, ఏప్రిల్ నెలల్లో పన్నెండు దాకా. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ, ఆ ముందు రోజూ ఆ రోజూ వెళ్లకండి, షట్టరు దించేసి ఆయన కూడా అమ్మవారి దగ్గరే ఉంటాడు.